మెట్ట చేలో ఇల్లాలి మాట

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలువ గట్లు, వరి చేలు, కొబ్బరి చెట్లు గుర్తొస్తాయి. అది దిగువ సీమ. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ మీదుగా జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే నేల మారిపోతుంది. నల్లరేగడి, మధ్య మధ్య ఎర్ర చెలకలు, పేట చుట్టుపక్కల సున్నపురాతి బోళ్లు. అది మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ కృష్ణా మెట్ట అనే అంటారు. ఆ మెట్టలో కాపురం చేసి, పిల్లల్ని పెంచి, మనవళ్లనీ మనవరాళ్లనీ చదివించిన రైతు ఇల్లాలి గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నేను అలాంటి ఒకావిడ చేతుల్లో పెరిగాను, మా నాయనమ్మ చేతుల్లో. ఆవిడ ఒక్కదాని కథే అయితే రేడియోలో చెప్పేదాన్ని కాదు. మునేరు నదికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో వేలమంది ఇల్లాళ్లు అలాగే బతికారు.

ముందు నీళ్ల సంగతి చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. దిగువన ఉన్న ఊళ్లకు కాలువలు వచ్చాయి, మాగాణి వచ్చింది. అదే కృష్ణ ఆనకట్టకు ఎగువన ముక్త్యాల, వేదాద్రి పక్కనుంచి పారుతుంది. కానీ ఒడ్డు ఎత్తు, నీరు లోతు. నది కనిపిస్తూ ఉండేది, చేను మాత్రం వానకోసం ఎదురు చూసేది. నాగార్జునసాగర్ కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు పట్టుబట్టి తిరిగిన తిరుగుడు మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంటే దిగువ కృష్ణకు నీళ్లు అందిన నూట పన్నెండేళ్లకు. అప్పుడైనా మా ప్రాంతం ఎడమ కాలువ చిట్టచివరన ఉంది. మా పొలాల దాకా నీళ్లు రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. వచ్చిన తర్వాత కూడా చివరి తూము కింద ఉన్న రైతు రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కాపలా పడుకోవలసిందే.

ఆ నూట పన్నెండేళ్లూ మెట్టను బతికించింది జొన్న, కంది, పెసర, ఆముదం, సజ్జ. వాటిని బతికించింది ఇంట్లో ఆడమనిషి. ఇది నేను గౌరవం కొద్దీ అంటున్న మాట కాదు. ఆ సేద్యం నడిచిన తీరే అది.

మా నాయనమ్మ పుట్టిల్లు మునగాల పరగణాలో. ఆ పరగణా ఆ రోజుల్లో నందిగామ తాలూకాలో భాగం, కానీ నాలుగు వైపులా నైజాం రాజ్యం. పెళ్లయ్యాక అత్తారింటికి వచ్చే బండి నైజాం కరోడ్‌గిరీ నాకా, అంటే సుంకాల చౌకీ, దాటి రావాలి. మూటలు విప్పి చూపించి, మళ్లీ కట్టుకుని, చీకటి పడ్డాక పేట చేరారట. 1959లో మునగాలను నల్గొండ జిల్లాలో కలిపారు. 2014లో అది మరో రాష్ట్రంలోకి వెళ్లింది. తర్వాత సూర్యాపేట జిల్లాలో చేరింది. ఇటు మెట్టినిల్లు కూడా కొత్త జిల్లాలోకి వచ్చింది. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఇన్ని గీతలు గీశారు. ఆవిడ మాత్రం చివరిదాకా సంక్రాంతి అరిసెలు ఆ గీతలు దాటించి అన్నదమ్ములకు పంపింది.

ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో అన్నమంటే జొన్నన్నమే. వరి బియ్యం పండగకీ, బాలింతకీ, జ్వరం తగ్గినవాళ్ల పథ్యానికీ. తెల్లవారుజామున లేచి జొన్నలు తడిపి రోట్లో దంచాలి. పొట్టు చెరగాలి. మళ్లీ దంచి రవ్వ, పిండి వేరు చేయాలి. ఎసరు పెట్టి రవ్వ ఉడికించి, పైన పిండి జల్లి కలియబెడితే సంకటి. పది మంది తినే ఇంట్లో ఈ పని ఒక్కటే ఎంత బరువో ఒక్కసారి రోకలి పట్టినవాళ్లకు తెలుస్తుంది. ఎండాకాలం మునేరు ఎండిపోతే ఇసుకలో చెలమ తీసి, చిప్పతో నీళ్లు తోడి, బిందె నింపుకుని రావాలి. ఊరబావి నీళ్లు ఉప్పన. పప్పు ఉడకదు. అందుకే ఆ నడక.

ఇవి చాకిరీ మాటలు, అందరూ చెప్పేవే. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది చాకిరీ గురించి కాదు, ఆ చాకిరీ వెనక ఉన్న విద్య గురించి. ఆ విద్యవల్ల ఇంట్లో ఆవిడ మాటకు వచ్చిన విలువ గురించి.

విత్తనం దగ్గర మొదలుపెడతాను. పంట కోతకు రాకముందే ఆవిడ చేలో తిరిగేది. ఏ కంకి గింజ నిండుగా ఉంది, ఏ మొక్క తెగులు సోకకుండా నిలబడింది, ఏది ముందు పండింది, ఏది గాలికి పడిపోలేదు. అలాంటి జొన్న కంకులు ఎంచి, కాడతో కోసి, జతలుగా కట్టి వంటింటి వాసాలకు వేలాడదీసేది. పొయ్యి పొగ తగులుతుంటే పురుగు చేరదు. కంది గింజలకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేది. పెసలు, మినుములు పిడకల బూడిదలో కలిపి కుండలో పోసి, మూతి మీద వేపాకు పరిచి, పేడ, మన్ను కలిపి అలికేది. మిరప విత్తనానికి చెట్టు మీదే బాగా పండిన కాయలు ఏరి, నీడన ఆరబెట్టి, గింజలు తీసేది. రోహిణి కార్తె వచ్చేసరికి ప్రతి కుండలోంచీ గుప్పెడు గింజలు తీసి తడిగుడ్డలో మూటకట్టి, రెండు మూడు రోజులకు విప్పి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టేది. సగానికి సగం మొలవకపోతే ఆ కుండ పప్పుకు పోతుంది. ఇరుగు పొరుగు దగ్గర మారు తెచ్చుకోవాలి. ఇలా గింజకు గింజ మార్చుకోవడంతో ఊరి ఆడవాళ్లందరికీ ఎవరింట్లో ఏ విత్తనం ఉందో తెలిసి ఉండేది.

ఇప్పుడు వ్యవసాయ కళాశాలల్లో నేర్పే ఎంపిక, నిల్వ, మొలక శాతం పరీక్ష, ఈ మూడూ ఇందులో ఉన్నాయి. కాగితం మీద లేవు, అంతే.

విత్తే రోజున కూడా ఆవిడే ఉండాలి. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలేది ఆడమనిషే. వేళ్ల సందుల్లోంచి గింజ సమంగా జారాలి. ఎక్కువ పడితే మొక్కలు ఒత్తుగా లేచి గిడసబారతాయి, తక్కువైతే సాళ్లు బోసిపోతాయి. ఎద్దుల నడక తగ్గితే చెయ్యి తగ్గాలి, అవి జోరు పెంచితే చెయ్యి హెచ్చాలి. మా తాతయ్య మంచి సేద్యగాడని పేరున్నవాడు. ఆయన కూడా, "గొర్రు తోలడం నాది, పంట మీ నాయనమ్మ చేతిది" అనేవాడు. ఏ చెక్కలో ఏం వేయాలి, ఎన్ని సాళ్లకొక కంది సాలు పెట్టాలి, ఈ మాటలు రాత్రి అన్నాల దగ్గర జరిగేవి. గింజ ఆవిడ దగ్గర ఉంది గనక ఆవిడను అడక్కుండా ఆ మాట తేలేది కాదు.

ధాన్యం పాతర కూడా ఆవిడ అధీనంలోదే. ఇంటి ముందు గొయ్యి తవ్వి, చొప్ప పరిచి, జొన్నలు పోసి, మట్టి కప్పేవాళ్లు. పాతర తీసేటప్పుడు వెంటనే లోపలికి దిగకూడదు, ఊపిరాడదు. ముందు దీపం దించి చూడాలి, ఆరిపోతే ఆగాలి. ఎప్పుడు తీయాలి, కూలికి ఎన్ని కుంచాలు, విత్తనానికి ఎన్ని, అప్పు తీర్చడానికి ఎన్ని, చాకలికీ మంగలికీ కుమ్మరికీ ఎన్ని మానికలు, ఆ లెక్క ఆవిడ నోటిమీద ఉండేది. అక్షరం ముక్క రాదు. ఏ సంవత్సరం ఎవరికి ఎంత కొలిచిందో ముప్పై ఏళ్ల తర్వాత కూడా చెప్పేది.

పాడి సంగతి అందరికీ తెలిసిందే. దాలిలో పిడకల మంట మీద పాలు ఎర్రగా కాగడం, వేకువన కవ్వం చప్పుడు, చల్ల కోసం చెంబు పట్టుకుని వచ్చే ఇరుగమ్మలు. నెయ్యి పేట సంతకు వెళ్లేది. తర్వాత ఊళ్లోకి పాల కేంద్రం వచ్చింది. పాల డబ్బులు మాత్రం తాతయ్య జేబులోకి వెళ్లేవి కావు, నాయనమ్మ కొంగు ముడిలోకే. మా మేనత్త జగ్గయ్యపేటలో హైస్కూలు చదివిందంటే ఆ ముడి వల్లే. ఆడపిల్లకు అంత చదువెందుకని అన్నవాళ్లతో నాయనమ్మ వాదన పెట్టుకోలేదు. ఫీజు కట్టి వచ్చింది.

మా ప్రాంతపు ఇల్లాళ్ల గురించి మాట్లాడుతూ పెనుగంచిప్రోలు తిరుపతమ్మను తలచుకోకుండా ఉండలేను. మునేటి ఒడ్డున కొలువైన ఆ తల్లి దేవలోకం నుంచి దిగిన దేవత కాదు. స్థలపురాణం ప్రకారం ఆవిడ అనిగండ్లపాడులో కొల్లా వారి ఆడపడుచు, పెనుగంచిప్రోలు కాకాని గోపయ్య గారి ఇల్లాలు. అత్తింట్లో కష్టాలు పడింది. జబ్బు చేసినప్పుడు పశువుల కొట్టంలో ఉంచారు. కరువొచ్చి గోపయ్య పశువుల్ని మేతకు అడవికి తోలుకుపోతే పులి వాతపడ్డాడు. ఆ తర్వాత ఆమె అగ్నిలో ప్రవేశించింది. మాఘ మాసంలో పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. అక్కడికి ఇటు కృష్ణా, గుంటూరుల నుంచీ అటు ఖమ్మం, నల్గొండల నుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. రెండేళ్లకోసారి ఆ విగ్రహాలు రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా వస్తాయి. రైతు ఇంటి కోడలు ఊరూరా ఆగుతూ హారతులు అందుకుంటూ వెళ్తుంటే చూడటానికి ఆడవాళ్లు పనులన్నీ ఆపి రోడ్డు పక్కన నిలబడతారు.

నా మనసులో మాట చెబుతాను. ఆ కథలో నన్ను పట్టుకునేది చివరి అగ్ని కాదు. ఆ కాలపు ఆచారాన్ని ఈ రోజు మనం మెచ్చుకోలేం, మెచ్చుకోనవసరమూ లేదు. నన్ను పట్టుకునేది పశువుల కొట్టం. ఒంట్లో బాగాలేని కోడలిని గొడ్ల మధ్య ఉంచిన ఆ ఇల్లు, కరువులో మేత కోసం భర్తను అడవికి పంపవలసి వచ్చిన ఆ మెట్ట సేద్యం. తిరునాళ్లకు వచ్చే ఇల్లాళ్లు ఆవిడ ముందు నిలబడి ఏడవడం నేను చిన్నప్పుడు చూశాను. ఎందుకు ఏడుస్తారని నాయనమ్మను అడిగితే, "వాళ్లింటి సంగతులు ఆమెకు తెలుసు గనక" అంది.

ఇక మార్పు సంగతి. సాగర్ నీళ్లు రావడం మంచి. ఆ మాట గట్టిగానే చెబుతాను. జొన్నన్నం తిన్న ఇంట్లో రోజూ వరన్నం ఉడికింది. రోకటి పోటు తగ్గింది, బియ్యం మర వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కూలి చేసుకునే తల్లుల ఇళ్లలోనూ పూటకు అన్నం దొరికింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు చెలమ నీళ్లు మోసినవాళ్లు కారు.

నీళ్లతోపాటు పత్తి, మిరప పెరిగాయి. ఆ రెండు పంటలకూ ఆడవాళ్ల చేతులు కావాలి. పత్తి తీతకు ఆడవాళ్లు, మిరప నారు నాటడానికి ఆడవాళ్లు, కాయ కోయడానికి ఆడవాళ్లు, కల్లంలో తాలుకాయలు ఏరడానికి ఆడవాళ్లు. నాయనమ్మ వేకువన అన్నం వండి, కూలీలతో సమానంగా కోతకు దిగి, మధ్యాహ్నం వాళ్లకు మజ్జిగ పోసి, సాయంత్రం కల్లంలో కాయ తిరగబోసేది. రాత్రి వేళ్లు మండుతుంటే ఆముదం రాసుకుని మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఆ చేతులతో పసిపిల్లను ఎత్తుకోకూడదు, కంట్లో మంట పుడుతుంది. అందుకని మిరప కోతల నెలల్లో మమ్మల్ని మోచేతులతో దగ్గరకు తీసుకునేది. నాకు ఇప్పటికీ ఆవిడ మోచేతుల ఒత్తిడే గుర్తు.

ఇక్కడ ఇంకొక మాట చెప్పి తీరాలి. నాయనమ్మ పక్క సాలులో కాయ కోసిన కూలి తల్లులకు ఆవిడకున్న ఇల్లూ పొలమూ లేవు. ఆవిడ చేతులు మండితే అది తన ఇంటి పంట. వాళ్ల చేతులు మండితే ఆ రోజు కూలి, అంతవరకే. ముఠా కట్టుకుని ఊరూరూ తిరిగి, పసిపిల్లల్ని చెట్టు కింద ఉయ్యాలలో వేసి, వాళ్లు కోసిన కాయతోనే గుంటూరు యార్డుకు లారీలు వెళ్లాయి. రైతు ఇల్లాలి గురించి ఎవరు ఏం మాట్లాడినా వీళ్లను పక్కన నిలబెట్టుకునే మాట్లాడాలి.

పత్తి, మిరపలతో ఇంకొకటి జరిగింది. అది నెమ్మదిగా జరిగింది గనక ఎవరూ గమనించలేదు. విత్తనం వంటింటి వాసం మీదినుంచి కొట్టుకు వెళ్లిపోయింది. సంకర రకం పత్తి గింజను మరుసటి ఏడాదికి దాచుకుంటే అదే పంట రాదు. ఏటా కొనాలి. విత్తనం, ఎరువు, పురుగుమందు ఒకే కొట్టులో, చాలాసార్లు ఒకే ఖాతాలో అప్పుగా. ఆ కొట్టుకు వెళ్లేది మగవాళ్లు. ఏ మందు కొట్టాలో చెప్పేది కొట్టు యజమాని. రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మను అడగవలసిన పని లేకుండా పోయింది. 1980ల్లో పత్తికి తెల్లదోమ పట్టింది. కొట్టిన మందే మళ్లీ కొట్టి, మిత్రపురుగులన్నీ చచ్చి, దోమ మాత్రం మిగిలింది. కోస్తా పత్తి రైతులు కుదేలైపోయారు. మా ఇంట్లో నాయనమ్మ కాసులపేరు అప్పుడే పేటకు వెళ్లింది. తిరిగి రాలేదు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పచ్చపురుగు బాధ కొన్నాళ్లు తగ్గింది, తర్వాత గులాబీరంగు పురుగు దానికీ అలవాటుపడింది. మిరప రైతుదీ అదే తంతు. ధర ఉన్న ఏడు దిగుబడి ఉండదు, దిగుబడి ఉన్న ఏడు ధర ఉండదు.

కష్టం తగ్గలేదు. ఇంటిమీద ప్రేమ తగ్గలేదు. మాట తగ్గింది. నేను ఈ ప్రసంగానికి వచ్చింది ఈ ఒక్క సంగతి చెప్పడానికే. రైతు ఇల్లాలి భక్తి గురించి, త్యాగం గురించి మనం చాలా మాట్లాడతాం. మెట్ట సేద్యంలో ఆవిడకు గౌరవం త్యాగం వల్ల రాలేదు. విత్తనం, కొలత, పాలడబ్బు ఆవిడ చేతిలో ఉండటం వల్ల వచ్చింది. అవి చెయ్యి జారాక మిగిలింది చాకిరీ. చాకిరీని పొగడటం తేలిక.

ప్రభుత్వ లెక్కల్లో ఆ చాకిరీ ఎంత కనిపిస్తుందో చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం భత్యం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు పరిహారం కట్టడానికి గృహిణి సేవకు నెలకు 3000 రూపాయలు, వయసు మళ్లిన స్త్రీ సేవకు ఏడాదికి 20,000 రూపాయలు విలువ వేసింది. అసలు విలువ కట్టడమే అప్పట్లో పెద్ద అడుగు. 2010లో మరో కేసులో జస్టిస్ గంగూలీ, ఇల్లాళ్లను జనాభా లెక్కల్లో ఉత్పత్తి లేనివాళ్ల కింద, యాచకులతోపాటు జమకట్టడాన్ని గట్టిగా తప్పుపట్టారు. పొలం కాగితాల్లోకి వస్తే, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగుచేసే కమతాల్లో ఆడవాళ్ల పేరిట ఉన్నవి దాదాపు 14 శాతం. పొలంలో ఎంతమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారో రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. ఆడ రైతుకు ధ్రువపత్రం ఇవ్వాలి, అప్పు, నీళ్లు, విత్తనం ఆమె పేరున అందాలి అని. అది చట్టం కాలేదు. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది.

మళ్లీ మా ఇంటి సంగతికి వస్తాను. తాతయ్య పోయాక పొలం పంపకాల మాట వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956లోనే భార్యకు కొడుకులతో, కూతుళ్లతో సమానంగా వాటా ఇచ్చింది. మా రాష్ట్రంలో 1985లో సవరణ తెచ్చి కూతుళ్లకు పిత్రార్జితంలో కూడా హక్కు కల్పించారు. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. చట్టం ఇలా ఉంది. మా ఇంట్లో కాగితం మాత్రం ఇద్దరు కొడుకుల పేర్లతో తయారైంది. "అమ్మకు పొలమెందుకు, మేం చూసుకోమా" అన్నారు. ప్రేమగానే అన్నారు. అమ్మ నెలకొకరి దగ్గర ఉండేట్టు వంతులు కూడా మాట్లాడుకున్నారు.

నాయనమ్మ అంతా విని, "బావి పక్క ఎకరం నా పేరున రాయండి. గేదె నాతో ఉంటుంది. వంతులొద్దు" అంది.

ఇంట్లో ఎవరూ ఊహించని మాట. నాన్న నొచ్చుకున్నాడు. బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. మా అమ్మా పిన్నీ మాత్రం ఆవిడ పక్కన నిలబడ్డారు. పెద్దకోడలిగా అమ్మ, "అత్తయ్య అడిగింది ఆవిడదే గదా" అని ఒక్క మాటంది. అత్తా కోడళ్లంటే కీచులాటలే అనుకునేవాళ్లు ఆ రోజు మా ఇంట్లో ఉండవలసింది. కాగితం మారింది. పట్టాదారు పాసుపుస్తకం మీద వేలిముద్ర వేసేటప్పుడు ఆవిడకు డెబ్బై దాటాయి.

ఆ ఎకరంలో ఆవిడ పత్తి వేయలేదు. పెసర వేసింది, అది తీశాక జొన్న. గట్ల మీద కంది, ఆముదం. ఇంట్లో ఇంకా మిగిలున్న పాత కంది గింజ అదే. పెద్ద ఆదాయం రాలేదు. అప్పు మాత్రం లేదు. బ్యాంకు పంట రుణం ఇస్తామంటే వద్దంది. మా పెళ్లిళ్లకు ఆ పొలం పప్పే వచ్చింది. మా తమ్ముడి ఇంజనీరింగు చదువుకు చివరి ఏడాది ఫీజు గేదె పాలమీదే కట్టింది. సెలవులకు వెళ్తే మా చేత జొన్నకంకులు ఎంపిక చేయించేది. నేను లావుగా కనిపించినదల్లా ఏరుతుంటే, "లావు చూసి తీయకే అమ్మాయ్, గింజ కొరికి చూడు" అనేది. బోలు గింజ పంటికింద తెలిసిపోతుంది. జబ్బున పడి మంచం పట్టిన ఆ చివరి నెలల్లో కూడా రోహిణి కార్తెలో తడిగుడ్డ మూట తన మంచం పక్కనే పెట్టించుకుంది.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఊళ్ల మీదికి వచ్చింది. ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీద నీళ్లు పారాయి. అంతకు ముందు ఏడాది జూలైలో కూడా అలాగే పారాయి. మునిగిన పత్తికీ మిరపకూ నష్టపరిహారం రాసేటప్పుడు సాగుదారు ఎవరని అడుగుతారు. అప్పుడు ఎవరి పేరు ఉందన్నది మాటవరసకు కాదు, అన్నం సంగతి. కౌలు పొలం చేస్తున్న భర్త చనిపోతే, పదేళ్లు అదే పొలంలో పనిచేసిన భార్య రైతని నిరూపించుకోవడానికి కాగితం ఒక్కటీ ఉండదు. అలాంటి తల్లులు మన ప్రతి మండలంలోనూ ఉన్నారు.

మంచి కబురు కూడా ఒకటుంది. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ల ద్వారా ఊళ్లలోకి తీసుకెళ్తోంది. 2024లో ఆ పనికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. తొలకరికి ముందే పొడి నేలలో ఇరవై, ముప్పై రకాల గింజలు కలిపి చల్లుతారు. ఆ గింజలకు ముందుగా మన్ను, బూడిద, ఘనజీవామృతం పట్టించి గుళికలు చేస్తారు. మన్నూ బూడిదా పట్టించిన గింజను నేను మా వంటింట్లో చూశాను. మా పిన్ని ఇప్పుడు తమ సంఘంలో ఆ గింజల పని చూస్తుంది. ఏ ఇంట్లో పాత అలసంద ఉంది, ఎవరి దగ్గర తీగ చిక్కుడు ఉంది, ఆవిడ నోటిమీద చెబుతుంది. ఊళ్లో మగవాళ్లు కూడా వచ్చి అడుగుతున్నారు.

ఈ మాటలు వింటున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక్క విన్నపం. ఈ వారంలో మీ ఇంట్లో పాసుపుస్తకం బయటికి తీసి, దానిమీద ఎవరి పేర్లు ఉన్నాయో అందరూ కూర్చుని చదవండి. పంపకాలు జరిగిన ఇళ్లలో తల్లి వాటా ఏమైందో అడగండి. ఈ-క్రాప్‌లో పంట రాయించేటప్పుడు రైతు సేవా కేంద్రానికి ఇల్లాలు కూడా వెళ్లాలి. ఆమె చేస్తున్న చెక్కకు సాగుదారుగా ఆమె పేరే చెప్పండి. కౌలు చేసేవాళ్లు కౌలు కార్డు తీసుకునేటప్పుడు భార్య పేరు కూడా రాయమని అడగండి. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో కాగితం మీద రాసిమ్మనండి.